చేత్తో పాలిషా, మిషన్‌తోనా?

ముచ్చటపడి కొనుక్కున్న కారు మీద ఎండ పడగానే సాలెగూడులా సన్నటి గీతలు మెరుస్తుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ఆ గీతలు ఎక్కువగా ఉండేది రంగులో కాదు, దాని మీదున్న క్లియర్ కోట్ అనే పారదర్శకమైన పొరలో. చాలా కార్లకు ఆ పొర మందం సుమారు 40, 50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). పాలిష్ అంటే దాన్ని కాస్త అరగదీయడమే. అందుకే ఇంత జాగ్రత్త.

చేత్తో చేస్తే ఆ భయం తక్కువ. డోర్ హ్యాండిల్ వెనక గోళ్లు గీసుకున్న చోట, అద్దాల అంచుల దగ్గర నేను ఇప్పటికీ చేతినే నమ్ముతాను. కానీ బానెట్ మొత్తం రుద్దాలంటే భుజాలు పడిపోతాయి, ఒత్తిడి ఒకచోట ఎక్కువ, ఇంకోచోట తక్కువ పడుతుంది. మెరుపు వస్తుంది, గీతలు మాత్రం చాలావరకు అలాగే ఉంటాయి.

డ్యూయల్ యాక్షన్ మిషన్‌లో ప్యాడ్ తిరుగుతూనే ఊగుతుంది కాబట్టి వేడి ఒకేచోట అంతగా పోగవదు. మొదటిసారి పట్టుకునేవాళ్లకూ ఫర్వాలేదు. ప్యాడ్ ఊగకుండా గుండ్రంగా మాత్రమే తిరిగే రోటరీ మిషన్ జోలికి మాత్రం వెళ్లొద్దు, అంచుల దగ్గర చూస్తుండగానే పెయింట్ కాలిపోవచ్చు. పెద్ద ప్యానెళ్లకు నా ఓటు డ్యూయల్ యాక్షన్‌కే. కారు బాగా కడిగి, ఇసుక రేణువు లేకుండా చూసుకుని, ముందు అడుగు మేర చోట మెత్తటి ప్యాడ్‌తో చేసి చూడండి.