చేయి వణికేవాడి చేతిలో 18-135 లెన్సు: ఎనిమిదేళ్ల వాడకం తరువాత

మా నాన్నగారు కాఫీ తాగుతుంటే సాసరులో కప్పు టకటకలాడేది. నలభై అయిదు దాటేసరికి ఆ వణుకు నా చేతికీ వచ్చింది. జబ్బేమీ కాదు, వంశంలో ఉన్నదే అన్నారు డాక్టరుగారు. బోర్డు మీద సుద్దముక్కతో రాసేటప్పుడు అది బయటపడదు. సైన్సు ల్యాబులో స్లైడు మీద కవర్ స్లిప్ పెట్టేటప్పుడు, కెమెరా కంటికి ఆనించినప్పుడు మాత్రం దాచలేను. అందుకే ముందుగా చెబుతున్నాను: లెన్సులో ఉండి చేతి వణుకును సర్దే స్టెబిలైజర్ గురించి నా మాట వేరు, గట్టి చేయి ఉన్నవారి మాట వేరు.

2017 వేసవిలో లెన్సు మార్చాలనుకున్నాను. నా దగ్గర ఉన్నది కెమెరాతో పాటు వచ్చిన పాత 18-55, స్టెబిలైజర్ లేనిది. ఈ అంకెలు మిల్లీమీటర్లు, అంకె పెద్దదైన కొద్దీ దూరపు వస్తువు దగ్గరగా కనబడుతుంది. నెల్లూరు ట్రంకు రోడ్డులో నాకు తెలిసిన స్టూడియో ఆయన ఉన్నారు, పాతికేళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నవారు. సలహా అడిగితే ఆలోచించనైనా లేదు. "మాస్టారూ, 17-50 తీసుకోండి. ఎఫ్ 2.8, ఆ చివరి నుంచి ఈ చివరి దాకా ఒకటే. కల్యాణ మండపంలో లైట్లు చాలకపోయినా పని అయిపోతుంది" అన్నారు. ఎఫ్ పక్కన అంకె చిన్నదైతే లెన్సులోకి వెలుతురు ఎక్కువగా వస్తుంది. ఆయన చెప్పిన రకంలో స్టెబిలైజర్ ఉన్నవీ ఉన్నాయి, లేనివీ ఉన్నాయి.

ఆయన మాట కాదని నేను 18-135 తీసుకున్నాను. 27 వేలయింది. కంపెనీ పేరు చెప్పను. ఈ కొలతల్లో స్టెబిలైజర్ ఉన్న లెన్సును ఒకటికి మించి కంపెనీలు చేస్తున్నాయి. ఇక్కడ చెప్పే మంచిచెడ్డల్లో చాలావరకు ఆ జాతికే ఉన్నవి. పెట్టె మీద అక్షరాలు చూసి కంగారు పడనక్కర్లేదు. కెనాన్ ఐఎస్ అంటుంది, నికాన్ వీఆర్ అంటుంది, సిగ్మా ఓఎస్, టామ్రాన్ వీసీ, సోనీ ఓఎస్ఎస్. అన్నీ చేసే పని ఒకటే. మార్చుకునే లెన్సుల్లో ఈ ఏర్పాటును మొదట తెచ్చింది కెనాన్, 1995లో, 75-300 జూమ్‌తో. అంతకు ముందు ఏడాదే నికాన్ ఒక ఫిల్ము కాంపాక్టు కెమెరాలో దీన్ని పెట్టింది.

లోపల జరిగేది ఇది. చేయి ఎటు ఎంత ఒరిగిందో చిన్న గైరో సెన్సార్లు పసిగడతాయి. దానికి ఎదురు దిశలో ఒక గాజు బిళ్లల గుంపును విద్యుదయస్కాంతాలు జరుపుతాయి. క్లాసులో పిల్లలకు చెప్పాలంటే నేను బిందె ఉపమానం వాడతాను: తల మీద నీళ్ల బిందెతో నడిచే మనిషి మెడను చూడండి, కాళ్లు ఎటు తూలినా బిందె మాత్రం తొణకదు. బటన్ సగం నొక్కితే గుయ్ మని సన్నని చప్పుడు వస్తుంది, అర సెకను తరువాత కళ్ల ముందు దృశ్యం కుదురుకుంటుంది. ఆ అర సెకను ఆగకుండా నొక్కేస్తే బిళ్ల ఇంకా సర్దుకుంటూనే ఉంటుంది, ఫొటో చెడుతుంది. ఇది తెలియడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మొదటి రోజు సాయంత్రం పెన్నా ఒడ్డున రంగనాథస్వామి గుడికి తీసుకెళ్లాను. గాలిగోపురం కింద నిలబడి 135 దాకా లాగి పై అంతస్తు బొమ్మల మీద పెట్టాను. బొమ్మలన్నీ నా చేతితో పాటు ఊగుతున్నాయి. బటన్ సగం నొక్కాను. ఊగడం ఆగింది. నీళ్ల అడుగున ఉన్న వస్తువులా కొంచెం తేలుతూ, నెమ్మదిగా ఒక చోట నిలబడింది. తీసిన ఫొటో ఎలా ఉంటుందన్నది తరువాతి సంగతి, అన్నాళ్లకు ఏం తీస్తున్నానో నాకు స్పష్టంగా కనబడింది. ఈ లాభాన్ని కొలతల పట్టికలు రాసేవారు ఎవరూ లెక్కలోకి తీసుకోరు.

ఇప్పుడు లెక్కల సంగతి. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ వేగం, అంటే సెకనులో ఎన్నో వంతు తెరుచుకుంటుందో ఆ అంకె, లెన్సు మిల్లీమీటర్ల కంటే తగ్గకూడదని పాత సూత్రం. చిన్న సెన్సార్ (బొమ్మను పట్టే చిప్పు) ఉన్న కెమెరాలో దానికి ఒకటిన్నర రెట్లు పైన వేసుకోవాలి. అంటే 135 దగ్గర సెకనులో 200వ వంతు. స్టెబిలైజర్ నాలుగు స్టాపులు ఇస్తుందని పెట్టె మీద రాశారు. ఒక్కో స్టాపుకు సమయం రెట్టింపు, అంటే 200, 100, 50, 25, ఆ తరువాత 12వ వంతు. నా చేతిలో ఎప్పుడూ 12 దాకా రాలేదు. 25వ వంతులో పది తీస్తే మూడో నాలుగో దక్కుతాయి, 50లో ఎనిమిది. అంటే నాకు నిజంగా దక్కింది రెండు స్టాపులు, అదృష్టం బాగుంటే మూడు. 18 మి.మీ. దగ్గర మాత్రం గోడకు భుజం ఆనించి సెకనులో 6వ వంతుకు కూడా తీశాను. మా స్కూలు వార్షికోత్సవం నాటి వేదిక ఫొటోలు సగం అలా తీసినవే, వాటిలో తెర, పూలదండలు, సరస్వతీదేవి పటం బ్రహ్మాండంగా ఉన్నాయి. ముందు నాట్యం చేస్తున్న పిల్లలు మాత్రం పొగలా ఉన్నారు.

స్టూడియో ఆయన చెప్పకుండానే చెప్పింది ఇదే. నాకు అర్థం కావడానికి ఉదయగిరి దాకా వెళ్లాల్సి వచ్చింది.

ఉదయగిరిలో కొయ్య గరిటెలు, చెంచాలు చెక్కుతారు. భౌగోళిక గుర్తింపు కూడా ఉన్న పని అది. నెల్లూరు నుంచి బస్సులో వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. 2018లో పిల్లల ప్రాజెక్టు కోసం వెళ్లాను. చిన్న గది, ఒకే ట్యూబులైటు, కిటికీలోంచి వచ్చే కొద్దిపాటి ఎండ. చాప మీద కూర్చున్న ఒక అక్క కాలి బొటనవేలితో చెక్కను నొక్కిపట్టి, సన్నని ఆకురాయితో చెంచా కాడ మీద పువ్వు రేకులు దిద్దుతోంది. చుట్టూ గోధుమరంగు పొట్టు, పక్కనే తయారైన ఫోర్కుల కట్ట. నేను జూమ్‌ను 70 దాకా లాగాను. అక్కడ ఈ లెన్సు తెరుచుకునేది ఎఫ్ 5.6 మాత్రమే. కెమెరా 15వ వంతు చూపింది. స్టెబిలైజర్ ఉంది కదా అన్న ధైర్యంతో కొట్టాను.

ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే ఫోర్కుల మీద చెక్క ఈనెలు లెక్కపెట్టవచ్చు. చాప అల్లిక, పొట్టులో ఒక్కో మెలిక, అక్క చీర అంచు, అన్నీ ఉన్నాయి. ఆ చేతులు మాత్రం లేవు. మణికట్టు నుంచి వేళ్ల దాకా ఒక గోధుమరంగు చార. నేను ఎవరి చేతుల కోసం వంద కిలోమీటర్లు వెళ్లానో ఆ చేతులు తప్ప అన్నీ వచ్చాయి.

స్టెబిలైజర్ నా వణుకును ఆపుతుంది, ఎదుటివారి కదలికను ఆపదు. దానికి వెలుతురు కావాలి, లేదా వెలుతురును ఎక్కువగా లోపలికి రానిచ్చే లెన్సు కావాలి. ఎఫ్ 5.6 కంటే ఎఫ్ 2.8లో నాలుగు రెట్ల వెలుతురు వస్తుంది. 15వ వంతు కాస్తా 60వ వంతు అయ్యేది. మొదటి నుంచీ ఆ 17-50 కొని, కాస్త దగ్గరకు జరిగి తీసి ఉంటే ఆ చేతులు వచ్చి ఉండేవేమో. రెండో సారి వెళ్లినప్పుడు వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయిని, అంటే ఐఎస్ఓను, 3200కు పెంచి, 50వ వంతుకు పెట్టి, 35 మి.మీ. దాకా దగ్గరకు జరిగి తీశాను. కొంచెం ఇసుక చల్లినట్టు ఉంటేనేం, చేతులు వచ్చాయి. మాటలో మాట, ట్యూబులైటు కింద తీసేవారు 50 లేదా 100వ వంతు వాడండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి పాత చోకు ట్యూబులు సెకనుకు వంద సార్లు మిణుకుతాయి, అంతకంటే వేగంగా తీస్తే ఒక ఫొటో పచ్చగా, ఒకటి నల్లగా వస్తుంది.

అయితే కొన్నందుకు చింత ఉందా అంటే లేదు. ముహర్రం రోజుల్లో బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ జరుగుతుంది కదా. స్వర్ణాల చెరువులో నీళ్లలోకి దిగి ఆరోగ్య రొట్టె, విద్యా రొట్టె, వివాహ రొట్టె అంటూ కోరికను బట్టి ఇచ్చిపుచ్చుకుంటారు. ఆ జనంలో లెన్సు మార్చడం అసాధ్యం, మనిషి దగ్గరకు వెళ్లి మొహంలో కెమెరా పెట్టడం మర్యాద కాదు. ఒడ్డు మెట్ల మీద నుంచి 18లో చెరువు మొత్తం, ఉన్న చోటు నుంచే 135లో తడి కొంగులో రొట్టె పట్టుకున్న ఒక పెద్దావిడ చేతులు. సూర్యాస్తమయం దాటింది, 40వ వంతు. రొట్టె ఇచ్చే క్షణంలో ఇద్దరూ ఒక్క లిప్త ఆగుతారు, ఎవరిది తీసుకోవాలో చూసుకుంటారు. ఆ ఆగడం చాలు, స్టెబిలైజర్ మిగతాది చూసుకుంది. 50 దగ్గర ఆగిపోయే లెన్సుతో ఈ ఫొటో నాకు దొరికేది కాదు. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయిన రోజుల్లో, ఇంటి డాబా మీద నుంచి ముసురు వెలుతురులో వరదనీళ్లను తీసిందీ ఇదే లెన్సు, ఇదే 135.

బొమ్మ నాణ్యత గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 18 దగ్గర గీతలు బయటికి ఉబ్బుతాయి, గాలిగోపురం పీపాలా వస్తుంది, కంప్యూటర్‌లో ఒక్క నొక్కుతో సరిచేసుకోవచ్చు. ఎఫ్ 8 దగ్గర 24 నుంచి 85 దాకా చాలా బాగుంటుంది. 135లో అంచులు మెత్తబడతాయి. గోడకు వేలాడదీసే పెద్ద ఫొటో తీయించేవరకు అది ఎవరికీ కనబడదు.

కొత్తగా కొన్నవారు భయపడే సంగతి ఒకటి. కెమెరా ఆపి ఉన్నప్పుడు లెన్సును ఊపితే లోపల ఏదో వదులైనట్టు టకటక చప్పుడు రావచ్చు. అది పాడవడం కాదు, పని లేనప్పుడు ఆ బిళ్లల గుంపు కాస్త వదులుగా ఉంటుంది. స్టాండు మీద పెట్టినప్పుడు మాత్రం పక్కన ఉన్న మీటతో ఆపేయండి. కదలని కెమెరాలో లేని వణుకును వెతుక్కుంటూ కొన్ని లెన్సులు తామే కదులుతాయి. సోమశిల డ్యాం మీద రాత్రి అరగంట కష్టపడి తీసిన నక్షత్రాలన్నీ నాకు కామాల్లా వచ్చాయి.

చెడ్డ కథ కూడా ఉంది. 2020 జనవరిలో మైపాడు సముద్రం ఒడ్డున ఈదురుగాలిలో వలలు లాగేవారిని తీశాను. లెన్సు ముందుకు సాగినప్పుడు బయటికొచ్చే గొట్టం మీద ఇసుక పడింది, తుడవకుండానే వెనక్కి నెట్టాను. ఆ రాత్రి నుంచి జూమ్ తిప్పితే కరకర. తప్పు నాదే. చెన్నైలో ఒక సర్వీసు కేంద్రానికి రైలులో పట్టుకెళ్లి ఇచ్చాను. మూడు వారాల తరువాత కరకర పోయింది, కానీ స్టెబిలైజర్ పనిచేసిన ప్రతిసారీ బొమ్మ గంతు వేయడం మొదలుపెట్టింది. కౌంటరులో అబ్బాయి తీసి చూసి, "సార్, మీ చేయి వణుకుతోంది" అన్నాడు. లెన్సును బల్ల మీద పెట్టి, దగ్గర చేయి కూడా పెట్టకుండా చూపిస్తే అప్పుడు లోపలికి తీసుకెళ్లారు. రెండోసారి సరిగా చేసిచ్చారు, డబ్బు తీసుకోలేదు. కానీ ఆ మాట ఇంకా గుర్తుంది.

ఇంకొకటి, బూజు. నవంబరు ముసురులో తోలు సంచిలో మూసి పెట్టకండి. నేను పచ్చళ్ల కోసం కొన్న గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా ఒకటి మా ఆవిడ దగ్గర లాక్కుని, తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి లెన్సును అందులో పెడుతున్నాను. రంగు మారే రకమైతే, మారినప్పుడు గుళికలను పొట్లంలోంచి తీసి సన్నసెగన వేడి చేసుకోవచ్చు. ఎనిమిదేళ్లలో గాజు మీద ఒక్క నూగు మచ్చ కూడా రాలేదు. పచ్చడి డబ్బా గురించి ఇంట్లో చర్చ ఇంకా నడుస్తోంది.

ఇప్పుడు చాలా కొత్త కెమెరాల్లో సెన్సారే కదిలి వణుకును ఆపుతోంది, ఏ లెన్సు పెట్టినా సరిపోతుంది. అలాంటిది కొనేవారు లెన్సులోని స్టెబిలైజర్ కోసం ఎక్కువ డబ్బు పెట్టేముందు ఒకసారి ఆలోచించుకోవాలి. ముఖ్యంగా చిన్న మిల్లీమీటర్ల దగ్గర తేడా తక్కువ. నాలాగా పాత అద్దం కెమెరాతోనే గడిపేవారికి మాత్రం లెన్సులో ఉన్నదే దిక్కు.

పోయిన సంక్రాంతికి మా అక్క కొడుకు కావలి నుంచి వచ్చాడు. వాడికి ఇరవై రెండు. పెళ్లిళ్ల ఫొటోలు మొదలుపెడతాడట, ఏ లెన్సు కొనాలని అడిగాడు. నాది చేతికిచ్చాను. ముగ్గులేస్తున్న పిల్లల్ని కాసేపు తీశాడు, పక్కన మీట ఆపి మళ్లీ తీశాడు, కెమెరా వెనక తెర మీద రెండూ పెద్దవి చేసి పక్కపక్కనే పెట్టి చూపించాడు.

"మామయ్యా, ఏమీ తేడా లేదే?"

నిజమే, లేదు. ఎండలో 500వ వంతు దగ్గర తేడా ఉండదని చెప్పబోయాను. కానీ వాడు అప్పటికే వరండాలోకి వెళ్లి, దీపం గూడు దగ్గర 20వ వంతుకు పెట్టి, ఊపిరి బిగబట్టి తీశాడు. మీట ఆపే ఉంది. వత్తి కొస దాకా స్పష్టంగా వచ్చింది.

ట్రంకు రోడ్డు స్టూడియో ఆయన దగ్గరకు పంపించాను. స్టెబిలైజర్ లేని 17-50 ఒకటి పాతది వాళ్ల దగ్గరే ఉందట, తొమ్మిది వేలకు ఇచ్చారు.