టైల్స్ సందుల మరకలకి సోడియం పెర్కార్బొనేట్ పౌడర్: వాడి చూసి రాస్తున్నా

ముందే చెప్పేస్తున్నా, పసుపు, నూనె జిడ్డు, బాత్రూంలో నల్ల బూజు, వీటికయితే ఈ పౌడరు కళ్లు మూసుకుని కొనుక్కోండి, బోరు నీళ్ల ఎర్ర మరకలకయితే డబ్బులు దండగ. మిగతాది ఓపికున్నోళ్లు చదవండి.

మాది విజయనగరం. ఇల్లు కట్టి చాన్నాళ్లయింది, అప్పుడు మేస్త్రి టైల్స్ సందుల్లో వైట్ సిమెంటే కూరాడు, ఇప్పుడు సందుల్లో నింపడానికొస్తున్న ఎపాక్సీ గ్రౌట్ సంగతి అప్పుడు మాకెవరికీ తెలీదు. సిమెంటుకి కంటికి కనపడని సన్న సన్న రంధ్రాలుంటాయి, టైలు మీద పడ్డ చారు గుడ్డతో తుడిస్తే పోతాది గానీ సందులోకి దిగింది అక్కడే ఉండిపోతాది, అందుకే టైల్స్ ఎంత మెరిసినా వంటిల్లు మాసినట్టే కనిపిస్తాది. దసరా వెళ్లిన మంగళవారం మాకు పైడితల్లమ్మ సిరిమాను జాతర, ముందు రోజు తొలేళ్ల నాటికే చుట్టాలు దిగిపోతారు, ఆ లోపు బాగు చేసుకుందామని గంటస్తంభం దగ్గర ఒక షాపుకెళ్తే ఆయన పూర్తిగా వినకుండానే యాసిడ్ బాటిల్ తీసి చేతిలో పెట్టీసాడు. "ఇది పొయ్యండమ్మా, పొంగి తెల్లగా వచ్చెస్తాది" అని.

నిజమే, వస్తాది. మరకతో పాటు సిమెంటు కూడా వచ్చెస్తాది మరి. హైడ్రోక్లోరిక్ యాసిడ్ సిమెంటులో సున్నాన్ని కరిగించి పై పొర లేపీస్తుంది, కింద పొర తెల్లగా కనపడేసరికి మనం మురిసిపోతాం, కానీ సందు గరుకెక్కి గుల్లయిపోయి తరవాత మరక ఇంకా బేగి పట్టీస్తుంది. చాలా టాయిలెట్ క్లీనర్లలో ఉండేదీ అదే యాసిడ్డు, బాటిల్ వెనక చదవండి. మార్బుల్, మొజాయిక్ నేలలున్నోళ్లు అసలు ముట్టుకోకండి, పాలిష్ పోతాది. ఇంకోటి, బ్లీచింగ్ పౌడరు జల్లిన చోట యాసిడ్ పొయ్యకండి బాబూ, క్లోరిన్ గ్యాస్ వస్తాది, తలుపేసిన బాత్రూంలో అది ప్రాణాల మీదకి తెస్తాది.

వంటసోడా మీద వెనిగర్ పొయ్యమనే వీడియోలు కూడా చూసే ఉంటారు. బుసబుసా పొంగడం చూడ్డానికి బానే ఉంటాది, కాకపోతే రెండూ ఒకదాన్నొకటి చంపీసుకుంటాయి, మిగిలేది ఏ పనికీ రాని నీళ్లు. దాని బదులు వంటసోడా ఒక్కటే తడిపి రాసి తోమండి, కాస్త నయం.

ఇంక మన పౌడరు. ప్యాకెట్ మీద ఆక్సిజన్ బ్లీచ్ అని కూడా రాస్తారు. ఆన్‌లైన్లో కిలో తెప్పించాను, మూడొందల చిల్లర పడింది. బట్టల మరకలకి అమ్మే వానిష్‌లో ఉండేదీ ఇదే గానీ అందులో వేరేవీ కలుస్తాయి, నేలకి విడి పౌడరు చాలు. వేడి నీళ్లలో వేస్తే ఇది వాషింగ్ సోడాగా, హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా విడిపోతాది, సోడా జిడ్డు లాగుతాది, పెరాక్సైడ్ రంగు చంపుతాది, యాసిడ్ కాదు కాబట్టి సిమెంటు జోలికి పోదు.

చల్ల నీళ్లలో కలిపితే మాత్రం బద్ధకంగా పనిచేస్తాది. మరిగేవి అక్కర్లేదు, చెయ్యి పెట్టలేనంత వేడుంటే చాలు, అరలీటరుకి రెండు పెద్ద స్పూన్లు, చేతికి గ్లోవ్స్. సందుల వెంట పోసి అరగంట వదిలెయ్యాలి, మధ్యలో ఆరిపోకుండా తడుపుతుండాలి, ఆరిందంటే పని ఆగినట్టే. తరవాత నైలాన్ బ్రష్షుతో తోమాలి, స్టీలు పీచు వద్దు, దాని ముక్కలు సందులో ఇరుక్కుని తుప్పు పట్టి కొత్త మరకవుతాది. తోమాక మురికి నీళ్లని వైపర్‌తో అటూ ఇటూ తిప్పకుండా గుడ్డతో ఎత్తీయండి, లేపోతే ఆ మురికి మళ్లీ సందుల్లోకే దిగుతాది. సగం ఇళ్లలో సందులు నల్లబడేది ఆ వైపర్ వల్లేనని నా అనుమానం.

పొయ్యి దగ్గర పసుపు మరక మీద పొయ్యగానే మరక కాస్తా ఎర్రగా తిరిగిపోయింది. మా అత్తగారు చూసి "ఏటే అమ్మాయ్, నేలకి పారాణి పెట్టీసావేటి?" అన్నారు. ఆవిడన్నది కరెక్టే, పసుపుకి సున్నం తగిలితే ఎర్రనవుతుంది కదా, ఇక్కడ సున్నం బదులు సోడా తగిలింది, అంతే. కంగారు పడకండి, కాసేపటికి ఆ ఎరుపూ పాలిపోయింది. లీలగా ఏదైనా మిగిలినా కిటికీ ఎండ పడే చోటయితే పోతాది, పసుపు రంగు ఎండకి ఆగదు.

బాత్రూం మూలల్లో నల్ల బూజుకీ బాగా పనిచేసింది. కుళాయి కింద ఎర్ర మరక మాత్రం ఇసుమంతైనా కదల్లేదు. అది బోరు నీళ్లలో ఇనుము, ఆల్రెడీ తుప్పయిపోయిన దాన్ని ఆక్సిజన్ ఏం చేస్తుంది? దానికి పలచగా కలిపిన ఆక్సాలిక్ యాసిడ్, లేదా నిమ్మ ఉప్పు కావాలి. ఇవీ యాసిడ్లే కాబట్టి కొద్ది నిమిషాలుంచి బాగా కడిగెయ్యండి, ఆక్సాలిక్ అయితే విషం కూడా, పిల్లలకి అందకూడదు.

కలిపిన నీళ్లు మిగిలితే పారబొయ్యండి, సీసాలో పోసి మూత బిగించారంటే లోపల గ్యాస్ పెరిగి సీసా పేలుతాది. ప్యాకెట్ జిప్ ఏటీ బాలేదు, మన వానాకాలం తేమకి పౌడరు గడ్డ కట్టీసింది, రాగానే పొడి డబ్బాలోకి మార్చుకోండి.

ఐదుకి నాలుగిస్తా. శుభ్రం చేసి పూర్తిగా ఆరాక పొయ్యి చుట్టూ సందులకి తడి ఇంకనివ్వని పూత, గ్రౌట్ సీలర్ అంటారు, అది రాసాను, ఇప్పుడు చారు ఒలికినా లోపలికి ఇంకకుండా చుక్కలా నిలబడుతోంది. హాలుకి రాయలేదు, ఎంతమంది చుట్టాలొచ్చినా హాల్లో ఎవరూ పులుసు కాయరు కదా.