నోవా కోర్‌కి అప్లై చేశాను: రిజల్ట్ రాకముందే రాస్తున్న రివ్యూ

ముందే చెబుతున్నా, నాకు సెలెక్షన్ వచ్చిందో లేదో ఇంకా తెలీదు. ఎవర్ని తీసుకోవాలో తేల్చే బోర్డు కూర్చోవడానికి మూడు వారాలుంది. వచ్చాక రాస్తే ఆ ఊపులో అయిదు స్టార్లు కొట్టేస్తాను, రాకపోతే కడుపుమంటతో ఒకటి ఇస్తాను, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. ప్రస్తుతానికి నా లెక్క అయిదుకి నాలుగు. తగ్గిన ఆ ఒక్కటీ మా ఆవిడ కోటా, అదెందుకో కింద వస్తుంది.

అసలిదేంటో చాలామందికి తెలీదు. అమెరికాలో యూనిఫాం వేసుకునే సర్వీసులు ఎనిమిది. ఆర్మీ, నేవీ లాంటివి ఆరు అందరికీ తెలిసినవే. మిగతా రెండింటికీ తుపాకీతో పనిలేదు. ఒకటి పబ్లిక్ హెల్త్ సర్వీస్ డాక్టర్లు, నర్సులు లాంటివాళ్లది, రెండోది నోవా కోర్. వాతావరణం, సముద్రం, చేపలు, తీరం చూసే ప్రభుత్వ సంస్థ నోవా ఉంది కదా, దాని ఓడల్నీ విమానాల్నీ నడిపే ఆఫీసర్ల దళం ఇది. మొత్తం ఆఫీసర్లు మూడు వందల పైచిలుకు, అంతే. మన వైపు ఒక మోస్తరు ఇంజనీరింగ్ కాలేజీలో ఒక్క బ్యాచ్ అంత ఉండదు. ఇందులో సిపాయిలు, హవల్దార్లు ఎవరూ ఉండరు, అందరూ ఆఫీసర్లే. ఓడ మీద మిగతా పనంతా సివిల్ ఉద్యోగులు చేస్తారు.

దీని మూలం 1807లో ఉంది. తీరాన్ని కొలిచి మ్యాపులు గీయమని ప్రెసిడెంట్ జెఫర్సన్ కాలంలో పెట్టిన సర్వే అది. ఆ సర్వేయర్లకి 1917లో, మొదటి ప్రపంచ యుద్ధం మధ్యలో, ఆఫీసర్ హోదా ఇచ్చారు. ఎందుకంటే సివిల్ బట్టల్లో మ్యాపులు గీస్తూ శత్రువుకి దొరికితే గూఢచారి కింద కాల్చేస్తారు, యూనిఫాంలో దొరికితే యుద్ధఖైదీ అవుతారు. ఈ ముక్క చదివాకే నాకు దీని మీద పిచ్చి పట్టింది. నేను బీటెక్ సివిల్. ఎర్రటి ఎండలో కాలేజీ గ్రౌండులో కోణాలు కొలిచే థియోడొలైట్ మోసినవాణ్ణి. అదే పని చేసేవాళ్లకి ఇంత కథ ఉందని ఎవరూ చెప్పలేదు మరి.

ఎవరు అప్లై చేయొచ్చో చూద్దాం. అమెరికా పౌరులై ఉండాలి, గ్రీన్ కార్డు చాలదు. ఈ మాట పెద్ద అక్షరాల్లో రాయాల్సింది, ఎందుకంటే కాకినాడ నుంచి మా పెద్దనాన్న మనవడు "బాబాయ్, నేను కూడా అప్లై చేయొచ్చా" అని ఇప్పటికి నాలుగుసార్లు అడిగాడు. కుదరదురా. నీకు సముద్రం కొలవాలని ఉంటే ఇండియన్ నేవీలో హైడ్రోగ్రఫీ ఉంది, 2024 ఫిబ్రవరిలో వైజాగ్‌లోనే సంధాయక్ అనే సర్వే ఓడని నేవీలో చేర్చారు, అటు చూడు. యూనిఫాం వద్దు, సైన్స్ కావాలి అంటే హైదరాబాద్‌లో ఇన్‌కాయిస్ ఉంది, సునామీ హెచ్చరికలు ఇచ్చేది వాళ్లే. ఇక ఇక్కడ పౌరసత్వం ఉన్నవాళ్లకి డిగ్రీ కావాలి, అందులో సైన్స్, లెక్కలు, ఇంజనీరింగ్ కలిపి 48 సెమిస్టర్ అవర్లు, అంటే ఇక్కడి క్రెడిట్లు, ఉండాలి, 62 ఏళ్లు నిండేలోపు ఇరవయ్యేళ్ల సర్వీసు పూర్తయ్యేలా వయసు ఉండాలి. అంటే నలభై దాటాక ఆలోచిద్దాంలే అనుకుంటే బండి వెళ్లిపోతుంది. నాకు ముప్పైనాలుగు. హెచ్-1 మీద వచ్చి, పెళ్లయ్యి, ఆ పెళ్లి వల్ల గ్రీన్ కార్డు వచ్చి, అది పౌరసత్వం అయ్యేసరికి ఆ వయసు వచ్చేసింది.

కాగితాల దగ్గర నాకు పట్టపగలే చుక్కలు కనిపించాయి. అందులో నోవా పాత్ర తక్కువ, మన మూలాల పాత్ర ఎక్కువ. ఇక్కడ పుట్టి ఇక్కడ చదివిన పిల్లలకి ట్రాన్‌స్క్రిప్ట్ అంటే ఒక బటన్ నొక్కడం. నా బీటెక్ మార్కుల లిస్టులో సెమిస్టర్ అవర్లు ఎక్కడున్నాయి? అన్నీ వందకి ఎన్ని, అంతే. ఎంఎస్ ఇక్కడే చేశాను కాబట్టి సగం గట్టెక్కాను, మిగతా సగానికి బీటెక్‌ని క్రెడిట్ల లెక్కలోకి మార్పించాలి. దానికి కాలేజీ సీల్ వేసిన కవరు కావాలి, కవరు మీద ఎవరిదో సంతకం కావాలి, ఆ సంతకం పెట్టే సారు సెలవులో ఉన్నాడు. నాన్న మూడుసార్లు బస్సెక్కి కాలేజీకి వెళ్లొచ్చాడు. మూడోసారి కవరు ఇచ్చారు గానీ దాని మీద సీల్ లేదు. నాన్న అక్కడే కూర్చుని "మా వాడు అమెరికాలో ఓడ నడపాలి, మీరు లక్క అంటించండి" అన్నాడట. అంటించారు.

బ్యాక్‌గ్రౌండ్ చెక్ ఫారం ఇంకో పురాణం. ఎక్కడెక్కడ ఉన్నామో ఏళ్ల తరబడి అడ్రసులు, ప్రతి చోటా మనల్ని ఎరిగినవాళ్ల పేర్లు, బయటి దేశాల్లో ఉన్న చుట్టాలు. బయటి దేశాల్లో చుట్టాలంటే మనకి ఊరు ఊరంతా చుట్టాలే కదండీ. మామయ్య పుట్టిన తేదీ అడిగితే సర్టిఫికెట్‌లో ఉన్నది చెప్పాలా అసలుది చెప్పాలా అని ఆయనే నన్ను తిరిగి అడిగారు. సలహా ఒక్కటే, దాచకండి. తెలియకపోతే తెలియదని రాయండి, అందంగా కల్పించి రాస్తేనే దొరికిపోతారు. ఈ ఒక్క ఫారానికి నేను రెండు వీకెండ్లు పెట్టాను.

మెడికల్ దగ్గర నా ఖర్మ కాలింది. పరీక్ష చేసిన క్లినిక్ పేరు రాయను. రంగులు గుర్తుపట్టే టెస్టులో చుక్కల్లో ఉన్న అంకెలన్నీ సరిగ్గా చదివాను, వాళ్లేమో కాగితం మీద "లోపం ఉంది" అన్న గడిలో టిక్కు పెట్టారు. ఓడ నడిపేవాడికి ఇది చిన్న విషయం కాదు. రాత్రిపూట ఎదురుగా వచ్చే ఓడ ఎడమ వైపు ఎర్ర దీపం, కుడి వైపు పచ్చ దీపం ఉంటాయి, అవతలివాడు ఎటు పోతున్నాడో తెలిసేది ఆ రెండు రంగులని బట్టే. ఆ ఒక్క టిక్కు సరిచేయించడానికి ఆరు వారాలు పట్టింది, ఆ ఆరు వారాల్లో ఒక బోర్డు దాటిపోయింది. ఏ కాగితమైనా క్లినిక్ గడప దాటకముందే అక్కడే నిలబడి ప్రతి గడీ చదువుకోండి, సిగ్గుపడకండి.

ఇంటర్వ్యూకి ముందు ఏదో ఒక ఓడని చూసి రమ్మని ఒకాయన సలహా ఇచ్చాడు, మొత్తం ప్రక్రియలో నాకు బాగా పనికొచ్చింది అదే. నేను ఉండేది వర్జీనియాలోని ఆష్‌బర్న్, అక్కడినుంచి ఓడ ఉండే రేవు నార్‌ఫోక్ నాలుగు గంటల డ్రైవ్, టన్నెల్ దగ్గర ట్రాఫిక్ ఉంటే అయిదు. ముందే అడిగి థామస్ జెఫర్సన్ అనే ఓడ ఎక్కాను. 208 అడుగుల పొడవు, ఒకప్పుడు నేవీది, 2003లో నోవాకి వచ్చింది. పని సముద్రం అడుగుని సోనార్‌తో, అంటే శబ్దం పంపి దాని ప్రతిధ్వనితో, కొలవడం. పక్కన వేలాడేసిన చిన్న లాంచీలు లోతు తక్కువున్న చోటికి వెళ్లి కొలిచి వస్తాయి. ఒక కుర్ర ఎన్‌సైన్ నన్ను తిప్పి చూపించింది, నాకంటే పదేళ్లు చిన్న, ఓడని నడిపే గదిలో, అదే బ్రిడ్జి మీద, నిలబడితే మాత్రం పదేళ్లు పెద్దలా ఉంది. ఎన్‌సైన్ అంటే మొదటి ర్యాంకు.

ఆ అమ్మాయి చెప్పిన ముక్క ఒకటి ఇక్కడ రాయాలి, ఎందుకంటే నేను మొదట్నుంచీ పొరపడింది అక్కడే. నేను సైంటిస్టు అవుతానని అనుకున్నాను. కాదు. సైంటిస్టులు చాలావరకు సివిలియన్లు, ఒక్కో ట్రిప్పుకి ఎక్కి, వాళ్ల నీళ్ల శాంపిళ్లో చేపల లెక్కలో చూసుకుని దిగిపోతారు. ఆఫీసరు పని వాళ్లని అక్కడికి తీసుకెళ్లి, గాలి ఉన్నా కెరటం ఉన్నా ఓడని అదే గీత మీద పట్టుకుని, అందరినీ క్షేమంగా తిరిగి తీసుకురావడం. సర్వే ఓడల మీద ఆఫీసర్లు కూడా కొలిచే పనిలో దిగుతారు, కాబట్టి అక్కడ కాస్త నయం. కానీ మొదటి పోస్టింగులో అసలు పరీక్ష ఆఫీసర్ ఆఫ్ ది డెక్ అవ్వడం, అంటే కెప్టెన్ నిద్రపోతున్నప్పుడు ఓడ నీ చేతిలో ఉండడం. అర్ధరాత్రి లేచి నాలుగు గంటలు రాడార్ చూస్తూ నిలబడడం, తెల్లారాక భోజనాల లెక్కో సేఫ్టీ సామాను లెక్కో చూడడం. "రీసెర్చ్ పేపర్ మీద నీ పేరు రాకపోయినా పర్లేదా?" అని అడిగింది. ఇంటికి వచ్చేదాకా అదే ఆలోచన. మీకు ల్యాబ్ కావాలంటే నోవాలోనే సివిల్ ఉద్యోగాలున్నాయి, అటు అప్లై చేయండి, ఇది ఓడ నడిపే ఉద్యోగం.

విమానాల పిచ్చి ఉన్నవాళ్లకి ఇంకో దారి. తుఫాను కన్నులోకి దూసుకుపోయే పీ-3 విమానాలు రెండు ఫ్లోరిడాలోని లేక్‌లాండ్‌లో ఉంటాయి, వాటికి కెర్మిట్, మిస్ పిగ్గీ అని మపెట్స్ అనే టీవీ షోలోని బొమ్మల పేర్లు పెట్టుకున్నారు. వాటిని నడిపే పైలట్లు కూడా ఈ కోర్ వాళ్లే. నాకు రంగులరాట్నం ఎక్కితేనే కళ్లు తిరుగుతాయి, కాబట్టి అటు చూడలేదు.

ఇంటర్వ్యూ నేను భయపడినంత లేదు. యూనిఫాంలో ఉన్న ఆఫీసరు ఒకరు, ఎదురుగా నేను, మర్యాదగా, సూటిగా సాగింది. పుస్తకం ప్రశ్నలు పెద్దగా లేవు. నీకంటే వయసులో ఇరవయ్యేళ్లు పెద్దవాడైన బోసన్ (డెక్ మీద పనివాళ్ల పెద్ద) నీ మాట వినకపోతే ఏం చేస్తావు, నీ పొరపాటు పైవాళ్లకి తెలియకముందే నువ్వే చెప్పిన సందర్భం ఉందా, ఇలాంటివి. సముద్రం మ్యాపుల మీద ఇంత ఆసక్తి ఎందుకు అంటే నేను కాకినాడ చెప్పాను. గోదావరి తెచ్చిన ఒండ్రుతో ఊరి ముందు హోప్ ఐలాండ్ అనే ఇసుక దీవి ఏర్పడింది, దాని చాటున నీళ్లు నెమ్మదిగా ఉంటాయి గానీ లోతు తక్కువ, అందుకే యాంకరేజ్ పోర్టులో పెద్ద ఓడలు దూరంగా లంగరేసి ఆగితే బార్జీలు సరుకు మోస్తాయి, నది ప్రతి ఏడూ అడుగుని మారుస్తూనే ఉంటుంది, నిన్నటి లోతు రేపు ఉండదు. ఇది చెబుతుంటే ఆయన పెన్ను పక్కన పెట్టి విన్నాడు. నేను తయారుచేసుకున్న జవాబులకి మాత్రం పెన్ను పక్కన పెట్టలేదు.

ఆ తర్వాత ఈత రాదని చెప్పాల్సి వచ్చింది. సముద్రం పక్కన పుట్టి పెరిగినవాడికి ఈత రాదు. మన దగ్గర సముద్రం అంటే ఆదివారం మురీ మిక్సర్ తిని, మోకాళ్ల దాకా దిగి, అమ్మ కేకేస్తే వెనక్కి రావడమే కదా. ఆయన నవ్వలేదు, "ఎప్పట్లోపు నేర్చుకుంటావు" అన్నాడు. వారానికి మూడు రోజులు కమ్యూనిటీ పూల్‌కి పోతున్నాను, నా పక్క లేనులో ఏడేళ్ల పిల్లలు డాల్ఫిన్లలా పోతుంటారు, నేను బియ్యం బస్తాలా పోతున్నాను.

ఇక డబ్బు. ఎన్‌సైన్ మూల జీతం 2025లో నెలకి 4,000 డాలర్లకి ఒక్క గీత తక్కువ. నేవీ, ఆర్మీ ఆఫీసర్లకి ఉన్న జీతాల పట్టికే వీళ్లకీ. దాని మీద ఇంటి అలవెన్సు, తిండి అలవెన్సు, వైద్యం, ఇరవయ్యేళ్లకి పెన్షన్. ఐటీ జీతంతో పోలిస్తే చేతికి వచ్చేది తగ్గుతుంది, ఇందులో మొహమాటం లేదు. స్నేహితుడు లెక్క వేసి "బావా, నీకు పిచ్చా" అన్నాడు. లేఆఫ్ మెయిల్ కోసం ప్రతి మంగళవారం టెన్షన్ పడేవాడు, ఆ మాట వాడి నోటి నుంచి విని నాకు నవ్వొచ్చింది.

ఆ పోయిన స్టారు సంగతి ఇప్పుడు. సెలెక్ట్ అయితే ముందు కనెక్టికట్‌లోని న్యూ లండన్‌లో, కోస్ట్ గార్డ్ అకాడమీలో నాలుగైదు నెలల శిక్షణ. ఆ తర్వాత మొదటి పోస్టింగు ఓడ మీదే, రెండు మూడేళ్లు. ఏ ఓడో, ఏ ఊరి రేవో మన ఇష్టాలు అడుగుతారు గానీ, సర్వీసుకి ఎక్కడ మనిషి కావాలంటే అక్కడికే పోవాలి. అలాస్కా పడొచ్చు, మిసిసిపీ పడొచ్చు. మా ఆవిడ ఉద్యోగం ఇక్కడ, అత్తయ్యగారు ఇక్కడ. ఆమె వద్దనలేదు. ఫ్రిజ్ మీద ఉన్న క్యాలెండర్ తీసి మూడేళ్లకి ఎన్ని పేజీలో లెక్కపెట్టి మళ్లీ తగిలించింది. పెళ్లయినవాళ్లు ఇంట్లో ఈ మాట ఇంటర్వ్యూకి ముందే మాట్లాడుకోండి, నేను తర్వాత మాట్లాడాను, అది తప్పు.

అమ్మ మాత్రం వీధిలో అందరికీ మా వాడు నేవీలో చేరుతున్నాడని చెప్పేసింది. నేవీ కాదమ్మా అంటే "యూనిఫాం ఉందా, ఓడ ఉందా, ఇంకేంటి?" అంటుంది. వాదించడం మానేశాను.

రిజల్ట్ వచ్చాక ఇక్కడే ఒక లైను కలుపుతాను, స్టార్లు మాత్రం మార్చను.