వీపీఎస్ కొనేవాళ్ళకు జాగ్రత్త: తాళం పడితే తెరిచే దారి మీ చేతిలో ఉందా?

చవగ్గా వస్తోందని ఒక రీసెల్లర్ దగ్గర వీపీఎస్ (పెద్ద సర్వర్‌లో ఒక ముక్కను అద్దెకిచ్చే వర్చువల్ సర్వర్) తీసుకుని, ఐదు రోజులు నా మెషీన్‌లోకి నేనే వెళ్ళలేక గిలగిల్లాడాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఇలాంటివాళ్ళు ఇవాళ ఒక పేరుతో ఉంటే రేపు ఇంకో పేరుతో వస్తారు, కాబట్టి పేరు కంటే వాళ్ళ పద్ధతి తెలిస్తేనే మీకు ఉపయోగం.

మొదటి తప్పు నాదే, అది ముందే ఒప్పేసుకుంటున్నాను. దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే దారి ఎస్‌ఎస్‌హెచ్, దాని పోర్టు 22 మీద రాత్రీ పగలూ బాట్లు పాస్‌వర్డ్‌లు కొట్టి చూస్తూనే ఉంటాయి కదా, లాగ్ చూసి చిరాకేసి పోర్టు మార్చాను, అదే ఊపులో ఫైర్‌వాల్ కూడా ఆన్ చేశాను. వెబ్‌సైట్ కోసం 80, 443 పోర్టులు తెరిచాను గానీ కొత్త ఎస్‌ఎస్‌హెచ్ పోర్టు తెరవడం మర్చిపోయాను. పైగా పాత సెషన్ కూడా మూసేశాను. మళ్ళీ లాగిన్ కొడితే ఒక నిమిషం ఆలోచించి 'టైమ్డ్ అవుట్' అంది. తాళంచెవి లోపల పెట్టి తలుపు లాగేసుకున్నట్టయింది.

ఇక్కడ ఒక విషయం, చాలామంది ఎర్రర్ చదవకుండానే కంగారు పడిపోతారు. టైమ్డ్ అవుట్ అంటే అవతలి నుంచి అసలు జవాబే లేదని, ఎక్కువసార్లు ఫైర్‌వాలో నెట్‌వర్కో కారణం, లేదా మెషీన్ నిజంగానే బిగుసుకుపోయి ఉంటుంది. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్' అంటే సాధారణంగా మెషీన్ బతికే ఉంది, ఆ పోర్టులో ఎస్‌ఎస్‌హెచ్ మాత్రం నడవడం లేదు. 'పర్మిషన్ డినైడ్' వస్తే సంతోషించండి, గుమ్మం దాకా వెళ్ళారు, కీ (పాస్‌వర్డ్ బదులు వాడే ఫైల్) గానీ పాస్‌వర్డ్ గానీ కుదరలేదు, అంతే. తప్పు లాగిన్‌లు కొట్టే ఐపీలను ఆపేసే ఫెయిల్‌టుబ్యాన్ పెట్టుకున్నవాళ్ళైతే తప్పు పాస్‌వర్డ్ నాలుగైదుసార్లు కొట్టి మీ ఐపీని మీరే బ్యాన్ చేయించుకుని ఉండొచ్చు, డిఫాల్ట్‌గా అది 10 నిమిషాలే. ఫోన్ హాట్‌స్పాట్ నుంచి ప్రయత్నిస్తే ఐపీ మారుతుంది కాబట్టి సంగతి తేలిపోతుంది. నేనూ ఆ ఆశతోనే హాట్‌స్పాట్ పెట్టి చూశాను. అదే టైమ్డ్ అవుట్.

సరే, కన్సోల్ ఉందిగా అనుకున్నాను. కన్సోల్ అంటే మెషీన్‌కు నేరుగా మానిటర్, కీబోర్డ్ తగిలించినట్టు, దానికి లోపలి ఫైర్‌వాల్ అడ్డు రాదు. కొనేటప్పుడు ప్యానెల్ (వీపీఎస్‌ను ఆపడానికి, నడపడానికి వాళ్ళిచ్చే వెబ్ పేజీ) ఫోటోలో ఆ బటన్ చూసే కొన్నాను. నొక్కితే 'మీ ప్లాన్‌కు వర్తించదు, టికెట్ పెట్టండి' అని వచ్చింది. ఏడు నెలలుగా వాడుతున్నాను, ఒక్కసారి కూడా ఆ బటన్ నొక్కి చూడలేదు. మెషీన్‌ను వేరే చిన్న సిస్టమ్‌తో లేపే రెస్క్యూ మోడ్ కోసం వెతికాను, లేదు. రీఇన్‌స్టాల్ బటన్ మాత్రం ఎర్రగా, పెద్దగా ఉంది. దాన్ని నొక్కితే డిస్క్ ఖాళీ.

టికెట్ పెట్టాను. మొదటి జవాబే 'రూట్ పాస్‌వర్డ్ ఇక్కడ రాయండి' అని, అంటే మెషీన్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్ పాస్‌వర్డ్. ఇవ్వలేదు. రెండో జవాబు 'సర్వర్‌ను ప్యానెల్ నుంచి ఆపేసి అలాగే ఉంచండి, మా టీమ్ చూస్తుంది' అని. ఇక్కడే నేను చేసిన రెండో తప్పు. అప్పటిదాకా సైట్ చక్కగా నడుస్తూనే ఉంది, దాని అడ్మిన్ పేజీ నుంచి ఆర్డర్ల లిస్టు మొత్తం డౌన్‌లోడ్ చేసుకోవచ్చు. ఆ టెన్షన్‌లో అది తట్టనే లేదు. ఆపేసి పడుకున్నాను. మీ మెషీన్‌లోకి లాగిన్ అవకపోయినా లోపలి సైట్ నడుస్తుంటే, దేన్నీ ఆపకముందే ఆ దారిలో ఏమేం బయటికి తీసుకోగలరో అవన్నీ తీసుకోండి.

పొద్దున్నే స్టార్ట్ నొక్కితే 'లాక్డ్, బ్యాకప్' అని ఒక్క లైను. స్టార్ట్ కాదు, స్టాప్ కాదు, ఏదీ కాదు. టికెట్‌లో అడిగితే, ఫైల్ సిస్టమ్ పాడైపోయింది, రీఇన్‌స్టాల్ చేసుకోండి, డేటా కావాలంటే రికవరీకి విడిగా కట్టాలి, అన్నారు. ఆ మాట నమ్మి కట్టడానికి కూడా సిద్ధపడ్డాను, అబద్ధం చెప్పను.

ఆపింది మా బావ. వాడు ఒక ఆఫీసులో ఇలాంటి హోస్టులే, అంటే వీపీఎస్‌లు నడిచే అసలు మెషీన్లే, చూసుకుంటాడు. స్క్రీన్‌షాట్ పంపితే వెంటనే ఫోన్ చేశాడు. 'ఒరేయ్, ఇది పాడైపోవడం కాదు. బ్యాకప్ తీసేటప్పుడు ఎవరూ కదిలించకుండా, వీపీఎస్‌లు నడిపే ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకునే తాళం అది. వాళ్ళ బ్యాకప్ మధ్యలో చచ్చిపోయి ఉంటుంది, తాళం అలాగే ఉండిపోయింది. హోస్టు మీద అన్‌లాక్ కమాండ్ ఒక్కటి కొడితే పోతుంది' అన్నాడు. 'నేను కొట్టొచ్చా బావా' అంటే నవ్వాడు. అది హోస్టు ఉన్నవాడి పని, మన వీపీఎస్ లోపలి నుంచి కుదరదు.

అదే మాట, తాళం పేరుతో సహా, టికెట్‌లో రాశాను. బ్యాకప్ జాబ్ ఇంకా నడుస్తోందా ఆగిపోయిందా చూసి, ఆగిపోయి ఉంటే అన్‌లాక్ చేయండి అని. అరగంటలో మెషీన్ లేచింది. సైట్ వచ్చింది, ఒక్క ఫైల్ కూడా పాడవలేదు. మరి రెండు రోజులుగా పాడైపోయిందని చెప్పిన ఫైల్ సిస్టమ్ ఏమైందో వాళ్ళే చెప్పాలి, అడిగితే జవాబు లేదు. ఈసారి మాత్రం సైట్ లేవగానే అడ్మిన్ పేజీకి వెళ్ళి ఆర్డర్ల లిస్టు దించుకున్నాను.

ఇంకా ఫైర్‌వాల్ మిగిలింది. అసలు గుట్టు ఇక్కడ బయటపడింది. కేవీఎం (పూర్తి వర్చువల్ మెషీన్) అని చెప్పి అమ్మిన ఈ సరుకు కేవీఎమ్మే కాదు, కంటైనర్. రెస్క్యూ మోడ్ లేకపోవడం చూసి బావకు ముందే అనుమానం వచ్చింది. కేవీఎం అయితే మీ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) మీదే, మీ డిస్క్ మీదే, బూట్ దగ్గర ఆపి రూట్ పాస్‌వర్డ్ మార్చుకోవచ్చు. కంటైనర్‌కు హోస్టు కెర్నలే దిక్కు. దాంతో చిన్న పనులు బాగానే జరుగుతాయి, కంటైనర్ చెడ్డదని నేననను, కానీ ఒకటి చెప్పి ఇంకొకటి అంటగట్టడం మోసమే. తమాషా ఏమిటంటే, కంటైనర్‌లోకి హోస్టు నుంచి వెళ్ళడానికి పాస్‌వర్డే అక్కర్లేదు. హోస్టు అడ్మిన్ ఒక కమాండ్‌తో నేరుగా లోపలికి వెళ్ళి ఫైర్‌వాల్ ఆపేయొచ్చు. మరి మొదటి రోజే నా రూట్ పాస్‌వర్డ్ ఎందుకు అడిగినట్టు?

ఆ రెండు నిమిషాల పని చేయమంటే 'మేనేజ్డ్ ప్లాన్ ఉన్నవాళ్ళకే' అన్నారు. ఒక నెలకు అది కట్టాను. కట్టిన పది నిమిషాల్లో ఫైర్‌వాల్ ఆగిపోయింది, నేను లోపలికి వెళ్ళాను. వెళ్ళగానే, ఇది ఏ రకం మెషీనో చెప్పే సిస్టమ్‌డీ డిటెక్ట్ వర్ట్ (systemd-detect-virt) అనే కమాండ్ కొట్టాను. ఎల్‌ఎక్స్‌సీ అని, అంటే కంటైనరే అని వచ్చింది. కొన్న రోజునే కొట్టి ఉంటే ఈ పోస్టే ఉండేది కాదు.

కాబట్టి కొనేవాళ్ళకు నా మాట ఒక్కటే. కోర్లెన్ని, ర్యామ్ ఎంత అని తర్వాత చూడండి. ముందు ఒక్క నెలకే తీసుకోండి, ఏడాదికి తగ్గిస్తామంటే ఆశపడకండి. తీసుకున్న రోజే, ఇంకా లోపల ఏమీ పెట్టకముందే, కావాలని మీ తలుపు మీరే మూసేయండి. ఫైర్‌వాల్‌తో ఎస్‌ఎస్‌హెచ్ ఆపేసి, ఎవరికీ టికెట్ పెట్టకుండా తిరిగి లోపలికి రాగలరేమో చూడండి. రాలేకపోతే అది మీది కాదు, వాళ్ళది.

కన్సోల్ తెరుచుకున్నంత మాత్రాన సరిపోదు. ప్రొవైడర్లు ఇచ్చే రెడీమేడ్ సిస్టమ్ కాపీలు, అంటే క్లౌడ్ ఇమేజ్‌లు చాలావాటిలో కీ మాత్రమే ఉంటుంది, ఏ యూజర్‌కూ పాస్‌వర్డ్ ఉండదు. అప్పుడు కన్సోల్‌లో లాగిన్ అని అడుగుతుంది, కొట్టడానికి మీ దగ్గర ఏమీ ఉండదు, దాని మొహం చూస్తూ కూర్చోవాలి. సుడో (అడ్మిన్ అధికారం) ఉన్న ఒక యూజర్‌కు గట్టి పాస్‌వర్డ్ పెట్టుకుని, కన్సోల్‌లో నిజంగా టైప్ చేసి చూడండి.

రెస్క్యూ మోడ్ ఉంటే దాన్నీ ఒకసారి బూట్ చేయండి. అది వేరే చిన్న సిస్టమ్‌తో లేస్తుంది, మీ డిస్క్‌ను పక్కన మౌంట్ చేసుకుని తప్పు సెట్టింగ్ దిద్దుకోవచ్చు, లేదా కనీసం డేటా బయటికి లాగొచ్చు. అమెజాన్ లాంటి పెద్ద క్లౌడ్‌లలో ఇదే పని ఇంకోలా చేస్తారు: మెషీన్ ఆపి, దాని రూట్ డిస్క్ విప్పి, ఇంకో మెషీన్‌కు తగిలించి, బాగుచేసి మళ్ళీ వెనక్కి పెడతారు. మీ ప్రొవైడర్ దగ్గర ఈ రెండిట్లో ఒక్కటైనా ఉండాలి. డిస్క్ వంద శాతం నిండిపోయి లాగిన్ కాకపోయినా ఈ దారిలోనే వెళ్ళి పాత లాగ్‌లు తీసేస్తే చాలాసార్లు లేస్తుంది. అన్నిటికీ రీఇన్‌స్టాలే మందు అనేవాడిని నమ్మకండి.

మెషీన్ తాళం పడటం కాక మాటిమాటికీ బిగుసుకుపోతుంటే టాప్ కమాండ్‌లో 'ఎస్‌టీ' అనే అంకె చూడండి. మీ మెషీన్ పని చేయడానికి సిద్ధంగా ఉన్నా హోస్టు సీపీయూ ఇవ్వని సమయం అది. ఎప్పుడూ ఎక్కువగానే ఉంటే ఒకే హోస్టును మోయలేనంతమందికి అమ్మారని అర్థం, మీరు ఎంత ట్యూన్ చేసినా లాభం లేదు.

ఫైర్‌వాల్ ముట్టుకునేటప్పుడు ఇప్పుడు నేను పాత సెషన్ మూయను, కొత్త విండోలో లాగిన్ అయి చూశాకే మూస్తాను. పది నిమిషాల తర్వాత ఫైర్‌వాల్ దానంతటదే ఆగిపోయేలా ముందే షెడ్యూల్ పెడతాను, అంతా బాగుంటే దాన్ని రద్దు చేస్తాను. స్నాప్‌షాట్ (మెషీన్ డిస్క్‌కు ఒక సమయంలో తీసిన కాపీ) ఉందిగా అనుకునేవాళ్ళు అది ఎక్కడ ఉందో కనుక్కోండి, నాది అదే హోస్టులో ఉంది, అంటే అదీ తాళం లోపలే. ఇప్పుడు రోజూ ఒక కాపీ వేరే చోటికి వెళ్తోంది.

సైట్ కొత్త చోటికి మార్చేసి వారమైంది. పాతదాన్ని రద్దు చేయమని పెట్టిన టికెట్‌కు ఇంకా జవాబు లేదు, ఆటో రెన్యువల్ మాత్రం పేమెంట్ వైపు నుంచి నేనే ఆపేశాను.