55-250 ఎస్టీఎం, 75-300, 70-300: చిన్న కెనాన్ బాడీకి ఏ జూమ్ మేలు?

మొన్న చలికాలం గుంటూరు దగ్గర ఉప్పలపాడు పక్షుల చెరువుకి నేనూ మా బావా పొద్దున్నే వెళ్లాం. ఇద్దరివీ కెనాన్ 1500డీ కెమెరాలే. ఆయన కెమెరాకి 75-300 జూమ్ లెన్స్, నా దానికి 55-250 ఎస్టీఎం (ఈ అంకెలు మిల్లీమీటర్లు, పెద్దదైతే దూరంది ఇంకా దగ్గరగా కనిపిస్తుంది; ఎస్టీఎం అంటే ఫోకస్ మోటర్ రకం). మబ్బుగా ఉంది, ఇద్దరం ఎఫ్5.6 లో (లెన్స్ ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, పెరిగేకొద్దీ లోపలికొచ్చే వెలుతురు తగ్గుతుంది), షటర్ 1/160 సెకను దగ్గర, ఒకే చెట్టు మీద గూడబాతుని తీశాం. వెనక స్క్రీన్ మీద జూమ్ చేసి చూస్తే నాదాంట్లో ముక్కు కింద సంచి మీద మడతలు కూడా తెలుస్తున్నాయి, బావ దాంట్లో కన్ను ఎక్కడుందో వెతుక్కోవాల్సొచ్చింది. ఆయన చెయ్యేమీ వణికే రకం కాదు, పైగా ఆయనది 300, నాది 250. అయినా అలా ఎందుకొచ్చింది అనేదే అసలు విషయం.

మన చిన్న బాడీల్లో సెన్సర్ చిన్నది కాబట్టి లెన్స్ అంకెని 1.6 తో గుణించుకోవాలి, అంటే 300 కాస్తా 480 లెక్క. చేత్తో పట్టుకుని తీస్తే షటర్ కూడా ఆ అంకెకి దగ్గరగా 1/500 అన్నా పెట్టాలి, అది మబ్బులో దొరకదు, దొరకాలంటే ఐఎస్ఓ (తక్కువ వెలుతురులో కూడా ఫొటో వెలిగేలా చేసే సెట్టింగ్) పెంచాలి, పెంచితే గ్రెయిన్, అంటే ఫొటో నిండా చుక్కలు. 75-300 లో స్టెబిలైజేషన్ (ఐఎస్ అంటారు, చెయ్యి వణుకుని సర్దే ఏర్పాటు) లేదు, 55-250 లో ఉంది, అది కూడా మూడున్నర స్టాపులని కంపెనీ చెప్తుంది, ఒక్కో స్టాపు అంటే షటర్ రెట్టింపు సేపు తెరిచి ఉంచొచ్చన్నమాట. అంత పూర్తిగా ప్రతిసారీ రాదనుకోండి, రెండు స్టాపులొచ్చినా చాలు, 1/400 కావాల్సిన చోట 1/100 తో బయటపడతాం. కదలకుండా కూర్చున్న పక్షికి ఇది చాలా పెద్ద తేడా.

ఇంక 250 కి 300 కి మధ్య దూరం ఎంత అని చాలామంది ఆగిపోతారు, అదేదో సగానికి సగం తేడా అన్నట్టు. నిజానికి 250 దగ్గర పక్షి ఫ్రేమ్‌లో 1000 పిక్సెళ్లు ఉంటే 300 దగ్గర 1200 ఉంటుంది, అంతే. 24 మెగాపిక్సెళ్ల ఫొటోలో కొంచెం క్రాప్ చేసుకుంటే సరిపోయే సంగతి. షేక్ అయిన ఫొటోని మాత్రం ఏం చేసినా బాగు చెయ్యలేం.

75-300 తో ఇంకో ఇబ్బంది తెల్ల పక్షులతో. కొంగ వెనకాల ఆకాశం తెల్లగా వెలుగుతుంటే రెక్క అంచు వెంబడి వంకాయ రంగు గీత పడుతుంది. పెయింటెడ్ స్టార్క్‌కి తోక దగ్గర ఉండే ఆ గులాబి ఈకలు చూశారా, ఎంత అందంగా ఉంటాయో, వాటి పక్కనే ఈ వంకాయ గీత వచ్చేసరికి రంగంతా పాడవుతుంది. ఎఫ్8 కి తగ్గిస్తే ఫొటో కాస్త షార్ప్ అవుతుంది గానీ ఎఫ్8 అంటే మళ్లీ వెలుతురు కావాలి, మళ్లీ మొదటికే వచ్చాం. అది 1999 లో, ఫిల్మ్ కెమెరాల రోజుల్లో వచ్చిన లెన్స్, దాన్ని తప్పు పట్టడానికేం లేదు, కానీ బావకి కొన్న షాపులో "సార్ ఇది 300, అది 250 ఏ" అని మాత్రమే చెప్పి ఇచ్చారు, ఐఎస్ మాటే ఎత్తలేదు. కొత్తగా కొనేవాళ్లకి ఆ ఒక్క ముక్క చెప్పకపోవడం నాకు అన్యాయం అనిపిస్తుంది.

మూడోది 70-300 ఐఎస్ సెకండ్ వెర్షన్, 2016 లో వచ్చింది, దీన్ని నేను వారం రోజులు అద్దెకి తెచ్చి వాడాను. ఫోకస్ మాత్రం అద్భుతం. పుల్ల నోట పట్టుకుని గూటికి వచ్చే పక్షిని పట్టుకుంటే వదలదు, నా ఎస్టీఎం అక్కడ పదిలో నాలుగైదు వదిలేస్తుంది, ఒప్పుకోవాల్సిందే. కానీ బరువు 710 గ్రాములు. 1500డీ బాడీ బ్యాటరీతో కలిపి 475. బాడీ కంటే లెన్సే బరువు, ముందుకి వాలిపోతూ ఉంటుంది, గంట తర్వాత ఎడమ మణికట్టు లాగడం మొదలైంది. నా 55-250 బరువు 375 గ్రాములు, పిల్ల వాటర్ బాటిల్ పక్కన అదే బ్యాగులో పడేసి తీసుకెళ్తా, అందుకే అది ఎప్పుడూ నాతో ఉంటుంది, ఆ వారంలో 70-300 ని రెండుసార్లు ఇంట్లోనే వదిలేసి వెళ్లా. ధర కూడా మూడింట్లో దానిదే ఎక్కువ.

ఎగిరే పక్షులే మీ పని అయితే, లేదా రేపు ఫుల్ ఫ్రేమ్ (పెద్ద సెన్సర్ కెమెరా) కొనే ఆలోచన గట్టిగా ఉంటే 70-300 తీసుకోండి, ఎందుకంటే 55-250 ఈఎఫ్-ఎస్ రకం, అంటే చిన్న సెన్సర్ బాడీలకే చేసింది, ఫుల్ ఫ్రేమ్ డీఎస్ఎల్ఆర్‌కి అసలు బిగదు. మిగతా అందరికీ, అంటే పిల్లలు, గుడి గోపురం మీద బొమ్మలు, చెరువు గట్టు మీద కొంగలు తీసుకునేవాళ్లకి, 55-250 ఎస్టీఎం అని కళ్లు మూసుకుని చెప్తా.

దానికి ఇంకో సుగుణం ఉంది, మూడడుగుల లోపు దూరంలో కూడా ఫోకస్ అవుతుంది, 0.85 మీటర్లు. 75-300 కి ఐదడుగులు వెనక్కి జరగాలి. కలువ మొగ్గ మీద వాలిన తూనీగని తీస్తే రెక్కల్లో గళ్లు గళ్లుగా ఉండే నరాలన్నీ వచ్చాయి, మాక్రో లెన్స్ లేకుండానే. ఫిల్టర్ సైజు 58, కిట్ 18-55 ది కూడా మామూలుగా అదే కాబట్టి ఒక ఫిల్టర్ రెంటికీ వస్తుంది, 70-300 కి 67 ది వేరేగా కొనాలి.

స్కూల్ యాన్యువల్ డే కోసం అడిగేవాళ్లకి ఒక మాట, మూడూ జూమ్ చివర్లో ఎఫ్5.6 ఏ. స్టెబిలైజేషన్ మన చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ డాన్స్ చేసే పిల్లని ఆపదు, 1/250 అయినా పెట్టి ఐఎస్ఓ 3200 కి భయపడకుండా వెళ్లాలి. వీడియో తీస్తే మాత్రం ఎస్టీఎం మోటర్ చప్పుడు పెద్దగా వినపడదు, 75-300 ది గుర్రుమంటూ రికార్డ్ అయిపోతుంది.

కెనాన్ ఆర్50 లాంటి మిర్రర్‌లెస్ (లోపల అద్దం లేని కొత్త రకం కెమెరా) ఉన్నవాళ్లు అడాప్టర్ పెట్టి ఇదే 55-250 వాడుకోవచ్చు, లేదా వాటికే చేసిన 55-210 ఉంది, 270 గ్రాములే, కాకపోతే చివర్లో ఎఫ్7.1 కి పడిపోతుంది.

సెకండ్ హ్యాండ్‌లో తీసుకునేటప్పుడు ఫోన్ టార్చ్ వెనక నుంచి వేసి లోపల సాలెగూడులా ఏమైనా ఉందేమో చూడండి, మన కోస్తా తేమకి ఫంగస్ తొందరగా పడుతుంది. ఇంకా ముఖ్యం, పాత 55-250 ఐఎస్ సెకండ్ వెర్షన్ కూడా చూడ్డానికి ఇంచుమించు ఇలాగే ఉంటుంది, దాంట్లో ఫోకస్ చేస్తుంటే ముందు అద్దం తిరుగుతుంది, దీంట్లో తిరగదు. లెన్స్ మీద ఎస్టీఎం అని రాసుందో లేదో చదివాకే డబ్బులివ్వండి.