టేల్స్ ఫ్రమ్ టోపోగ్రాఫిక్ ఓషన్స్: ఏళ్ల తరబడి విన్నాక

నాలుగే పాటలు, 80 నిమిషాల పైచిలుకు. 1973 చివర్లో ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ యెస్ విడుదల చేసిన ఈ డబుల్ ఆల్బమ్‌ని (రెండు ఎల్పీ రికార్డులు, నాలుగు వైపులు) మొదట్నుంచి చివరిదాకా ఒక్క ఊపులో వినడం నేను ఎప్పుడో మానేశాను. ఆల్బమ్‌ని మాత్రం మానలేకపోయాను. ఇన్నేళ్లలో దీన్ని ఎక్కడ వినాలో, ఎక్కడ దాటేయాలో చేతికి అలవాటైపోయింది.

దీని పుట్టుక తెలిస్తే దీనిలోని ఎగుడుదిగుళ్లకు కారణం సగం తెలిసినట్టే. 1973 మార్చిలో జపాన్ టూర్‌లో ఉండగా గాయకుడు జాన్ ఆండర్సన్ పరమహంస యోగానంద ఆత్మకథ చదువుతూ ఒక ఫుట్‌నోట్ దగ్గర ఆగిపోయాడు. శాస్త్రాలను శ్రుతి, స్మృతి, పురాణం, తంత్రం అని నాలుగుగా చెప్పిన ఫుట్‌నోట్ అది. ఇంకేం, నాలుగింటికీ నాలుగు పాటలు, ఎల్పీలో వైపుకొకటి. టూర్ సాగుతుండగానే హోటల్ గదుల్లో గిటారిస్టు స్టీవ్ హౌతో కూర్చుని దానికి ఒక రూపం తెచ్చాడు.

ఆ నాలుగు పేర్లూ మన చెవిన పడుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఆశించి వింటాం. అక్కడ శాస్త్రమూ లేదు, పురాణమూ లేదు. ఆండర్సన్ మాటల్ని నాదం కోసం పేరుస్తాడు, అర్థం వెతికితే తలనొప్పే మిగులుతుంది. నేను వెతకడం మానేశాక పాటలు బాగా వినబడ్డాయి.

అసలు చిక్కు కొలతలో ఉంది. పిండి కొద్దీ రొట్టె అంటారు. వీళ్లు రొట్టెల లెక్క, సైజు ముందే ఖాయం చేసుకున్నారు, పిండేమో రెండున్నరకే సరిపోయింది. 1972లో ఇదే బ్యాండ్ చేసిన క్లోజ్ టు ది ఎడ్జ్ పాట కూడా దాదాపు 19 నిమిషాలే. అందులో ఒక్క నిమిషం తీసేసినా పాట కుంటుతుంది. ఇక్కడ రెండో వైపు మధ్యలోంచి ఐదు నిమిషాలు కోసేసినా పట్టుకోవడం కష్టం.

మొదటి పాట మాత్రం నాకు వాళ్ల గొప్ప పనుల్లో ఒకటి. మంత్రం చదువుతున్నట్టు ఒకే స్వరం చుట్టూ మొదలైన గొంతులు, ఒక్కో వాక్యానికీ కాస్త పైకి జరుగుతూ, ఒక్కసారిగా తెరుచుకుంటాయి. అక్కడ వినబడిన బాణీలు మళ్లీ మళ్లీ వేషం మార్చుకుని వస్తాయి. చివరి భాగంలో కీబోర్డు వాయించే రిక్ వేక్‌మన్ మూగ్ సింథసైజర్ సోలో ఉంటుంది, పాట మొత్తం దానికోసమే ఎదురుచూసినట్టు అనిపిస్తుంది. తమాషా ఏంటంటే, ఈ ఆల్బమ్ వేక్‌మన్‌కే నచ్చలేదు. మాంచెస్టర్ కచేరీలో స్టేజీ మీద కీబోర్డుల మధ్యే కర్రీ తిన్నానని తనే చాలాసార్లు చెప్పుకున్నాడు. 1974లో బ్యాండ్ వదిలి వెళ్లిపోయాడు కూడా. ఇష్టం లేని పనే ఇంత బాగా చేశాడంటే ఏమనుకోవాలో తెలీదు!

రెండో పాట మెలోట్రాన్ (టేపుల మీద రికార్డు చేసిన వాద్యాల ధ్వనుల్ని మోగించే కీబోర్డు) పొగమంచు. బాగుంటుంది, కాసేపు. ఆ తర్వాత నా చెయ్యి ఫోన్ మీదకి పోతుంది. బ్యాండ్ వాళ్లే 1974 టూర్ మధ్యలో దీన్ని కచేరీల్లోంచి తప్పించేశారు.

మూడోదే అసలు గొడవ. మొదటి పన్నెండు నిమిషాలు తాళవాద్యాల దడదడ, దాని మీద హౌ స్టీల్ గిటార్ కీచుమంటూ. ఆండర్సన్ రకరకాల భాషల్లో సూర్యుడి పేర్లు వరసగా అరుస్తాడు. ఆ వరసలో హిందీ 'ధూప్' (ఎండ) వినబడగానే నాకు నవ్వొచ్చేది, ఇప్పటికీ వస్తుంది. ప్రయోగం చేయాలన్న ఉత్సాహం తెలుస్తుంది కానీ, దేనికోసమో తెలీదు. అంతలో ఆ రొదంతా ఆగిపోయి హౌ స్పానిష్ గిటార్ ఒంటరిగా మొదలవుతుంది. తర్వాత ఆండర్సన్ నెమ్మదిగా ఒక చిన్న పాట పాడతాడు. ఆ ఐదారు నిమిషాలు ఆల్బమ్ మొత్తానికి ప్రాణం. ముందున్న గోల లేకపోతే ఇది ఇంత చల్లగా ఉండేది కాదనే వాదన ఉంది. నేను గోలను దాటేసి నేరుగా ఇక్కడికొచ్చి చాలాసార్లు విన్నాను, చల్లదనం ఏమీ తగ్గలేదు.

నాలుగో పాటలో క్రిస్ స్క్వైర్ బేస్ గిటార్ ముందుకొచ్చి నిలబడుతుంది, అదీ సరదాగా, పాడుతున్నట్టు. బిల్ బ్రూఫర్డ్ వెళ్లాక చేరిన డ్రమ్మర్ ఆలన్ వైట్‌కి యెస్‌తో స్టూడియోలో ఇదే తొలి ఆల్బమ్. బ్రూఫర్డ్ అంత నాజూకు లేదు కానీ బరువుంది, ఈ పాటకు ఆ బరువే కావాలి. మధ్యలో వచ్చే డ్రమ్ముల యుద్ధం రికార్డులో కాస్త ఎక్కువైంది. స్టేజీ మీదైతే ఆండర్సన్, స్క్వైర్ కూడా డ్రమ్ములు అందుకునేవాళ్లు, చూడ్డానికి బాగుండి ఉంటుంది. ఆ ఉధృతి అణగగానే పియానో మీద వచ్చే చివరి భాగం కోసం మిగతాదంతా క్షమించేయొచ్చు.

2016 టూర్‌కి బ్యాండ్ ఎంచుకున్నవి ఏంటంటే మొదటి పాట, నాలుగో పాట, మూడోదాంట్లో ఆ చివరి గిటార్ ముక్క. నా చెయ్యి ఏళ్లుగా చేస్తున్న ఎడిటింగ్ కూడా సరిగ్గా ఇదే కావడం చూసి కొంచెం గర్వపడ్డాను.

ఇక ఏ వెర్షన్ అంటారా. పాత మిక్స్‌లో అన్నీ ఒకదాని మీదొకటి పడి ముద్దగా ఉంటాయి. హెడ్‌ఫోన్స్‌లో వినేవాళ్లకి సంగీతకారుడు స్టీవెన్ విల్సన్ చేసిన 2016 రీమిక్స్ మేలు, మూడో పాటలో ఏ వాద్యం ఎక్కడుందో అందులోనే తెలిసింది నాకు. 2003 సీడీలో మొదటి పాట ముందు రెండు నిమిషాల నెమ్మదైన ఆరంభం తిరిగి చేర్చారు. చాలామందికి అది ఇష్టం. నాకైతే ఆ గొంతులు చెప్పాపెట్టకుండా మొదలవడమే బాగుంటుంది.

కొత్తగా వినేవాళ్లు వరస పట్టించుకోకుండా నాలుగోదానితో మొదలుపెట్టండి, తర్వాత మొదటిది. రెండోది ఎప్పుడైనా, వేరే పని చేసుకుంటూ.