పాత బడిని బాగుచేయడమా, కూల్చి కట్టడమా: ఏది మేలు?

విజయవాడలో గానీ గుంటూరులో గానీ ఒక బడి భవనం పాతబడితే, కూల్చి మూడంతస్తులు లేపి లిఫ్టు పెట్టించాలని కొందరు, ఉన్నదాన్నే బాగుచేసి ర్యాంపు కట్టాలని కొందరు అంటారు. విద్యాసంస్థల భవనాలు అందుబాటులో ఉండాలని 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం చెబుతోంది కనుక, ఖర్చుతోపాటు చక్రాల కుర్చీలో వచ్చే బిడ్డనూ లెక్కలోకి తీసుకోవాలి; సిమెంటు తయారీలో వెలువడే కర్బన ఉద్గారాలనూ కలిపి తూచాలి.

సిమెంటు కోసం సున్నపురాయిని కాల్చినప్పుడు ఆ రాయిలోంచే కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. బట్టీలో మండే బొగ్గుది అదనం. పాత శ్లాబుకు సంబంధించి ఆ నష్టం ఎప్పుడో జరిగిపోయింది, కూలిస్తే దాన్ని మళ్ళీ మొదటి నుంచి కొనితెచ్చుకున్నట్టే. కొత్త గోడలకు ఇబ్రహీంపట్నం థర్మల్ విద్యుత్ కేంద్రపు బూడిదతో చేసిన ఇటుకలు వాడితే బట్టీలో కాల్చే పని తప్పుతుంది గానీ, స్తంభాలకూ శ్లాబులకూ సిమెంటు, ఇనుము తప్పవు.

అందుబాటు విషయంలో లెక్క అంత తేలిక కాదు. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు అన్నది ర్యాంపు కొలత. 45 సెంటీమీటర్ల అరుగుకు 5.4 మీటర్ల ర్యాంపు సరిపోతుంది, 3.3 మీటర్ల పై అంతస్తుకైతే మధ్యలో ఆగేందుకు వదిలే చదును చోట్లు కాక దాదాపు 40 మీటర్లు కావాలి, అంత దూరం చక్రాలు తిప్పుకుంటూ ఎక్కడం పిల్లల చేతులకు శిక్ష. కాబట్టి పై అంతస్తుకు లిఫ్టే నయమని ఒప్పుకుంటాను. అయితే కరెంటు పోయిన రోజున, మరమ్మతుకు మనిషి రాని వారంలో, తోటివాళ్ళు పైన పాఠం వింటుంటే ఆ బిడ్డ కింద కూర్చోవలసి వస్తుంది. పాత భవనంలో ఆ బిడ్డ తరగతి మొత్తాన్నీ, గ్రంథాలయాన్నీ, ప్రయోగశాలనూ, మరుగుదొడ్డినీ కిందికి తెస్తే ఆ అవస్థే ఉండదు.

నేను బాగుచేయడం వైపే మొగ్గుతాను. గడపలు తీసేసి, తలుపు దారిని 90 సెంటీమీటర్లకు పెంచడానికి పట్టే సిమెంటు ఎంత? వరండా ఉన్న బడి అయితే మరీ మేలు: ఎండ గోడను అంతగా తాకదు, చూపు మందగించిన పిల్లలకు కళ్ళు చెదిరే వెలుగు తగ్గుతుంది, గదుల మధ్య ఎగుడుదిగుడు లేని దారీ దొరుకుతుంది. అక్కడ నునుపైన టైల్స్ బదులు పాలిష్ చేయని మాచర్ల నాపరాళ్ళు పరిస్తే, తడిలో ఊతకర్ర అంతగా జారదు, బట్టీ మంటా అక్కర్లేదు.

నల్లరేగడి నేల కదిలి పునాది మరమ్మతుకు లొంగనంతగా బీటలు వారినా, శ్లాబు ఇనుము అదే స్థాయిలో తుప్పుపట్టి పెచ్చులూడుతున్నా కూల్చక తప్పదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు ముంచిన విజయవాడ సింగ్‌నగర్ లాంటి చోట్ల పై అంతస్తు, ఎత్తైన అరుగు ప్రాణరక్షణకే అవసరం; అక్కడ లిఫ్టు, ర్యాంపు రెండూ ఉండాలి. అరుగు మరో 30 సెంటీమీటర్లు పెంచితే ర్యాంపు 3.6 మీటర్లు పెరుగుతుందని గుర్తుంచుకుని, ఆ స్థలాన్ని ప్లానులో ముందే వదలాలి. ఏ దారి ఎంచుకున్నా, చివరి బిల్లు చెల్లించే ముందు చక్రాల కుర్చీ వాడే ఒక విద్యార్థి గేటు నుంచి మరుగుదొడ్డి దాకా ఎవరి సాయమూ లేకుండా వెళ్ళిరాగలడో లేదో చూడాలి.